నిన్ను ఏమని పిలవాలి?

(‘ఇరవై ఒక్క గింజలు’ నవల, పదకొండో భాగం)

కిందటి వారం జమీలాను శుక్రవారం సాయంత్రం పామర్రు బస్సులో వదిలిపెట్టాం. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, బ్యాగులో ఒక కాగితం. ఆ కాగితం చూపిస్తే బడి మీద పడ్డ అనుమానం తీరిపోతుందని ఆమె నమ్మకం.

అనుమానం లాప్‌టాప్‌ల గురించి. లంకపాలెం హైస్కూలు ఎనిమిదో తరగతికి హైదరాబాదు ట్రస్టు ఒకటి నలభై ఒక్క చిన్న లాప్‌టాప్‌లు ఇచ్చింది. పలకంత సైజు, ఆకుపచ్చ మూత. అందుకున్నట్టు సంతకాలు పెట్టింది, పిల్లలకు పంచింది లెక్కల టీచరు జమీలా. దొంగల పాలు కాకుండా ట్రస్టు వాళ్ళు వాటిలో ఒక ఏర్పాటు చేశారు. తెర మూలన ఒక అంకె కనిపిస్తుంది. బడి వరండాలో బిగించిన నెట్ పెట్టె దగ్గరికి లాప్‌టాప్ వచ్చిన ప్రతిరోజూ ఆ అంకె ఇరవై ఒకటి అవుతుంది. రాని రోజున ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఇక తెరుచుకోదు. పిల్లలు ఆ అంకెకు గింజలని పేరు పెట్టుకున్నారు. ‘నీ దాంట్లో గింజలెన్నిరా?’ అని అడుగుతుంటారు.

పదిహేడు రోజుల కింద పదమూడింటికి గింజలు పడటం ఆగిపోయింది. ఆపించింది ట్రస్టు వాళ్ళే. ఆ పదమూడింటిలో ఉన్న పేర్లు బడి హాజరు పట్టీలో లేవు. దీవెన, జాన్ పాల్, యేసుకుమార్. అలాంటి పిల్లలు ఎనిమిదో తరగతిలో లేనే లేరు. అంటే లాప్‌టాప్‌లు బయటివాళ్ళకు వెళ్ళాయి. అమ్మేశారో, అయినవాళ్ళకు ఇచ్చుకున్నారో. సమాధానం చెప్పకపోతే పదమూడూ వెనక్కి తీసుకుంటాం అని ఉత్తరం వచ్చింది.

సమాధానం జమీలా రెండు రోజుల్లో పట్టుకుంది. మొదటిసారి తెరిచినప్పుడు లాప్‌టాప్ పిల్లల్ని పేరు అడగలేదు. ‘నిన్ను ఏమని పిలవాలి?’ అని అడిగింది. పేరు రాయమని ఉంటే పరీక్ష పేపర్లో రాసినట్టు హాజరు పట్టీలోని పేరే రాసేవాళ్ళు. ఏమని పిలవాలని అడిగితే ఇంట్లో పిలిచే పేరు రాశారు. నాగలక్ష్మి ‘దీవెన’ అని కొట్టింది. అంతే జరిగింది. జమీలా పదమూడు మందినీ అడిగి మూడు గడుల పట్టిక గీసింది. హాజరు పట్టీలో పేరు, పిలిచే పేరు, కారణం. హెడ్మాస్టరు పుల్లయ్య మాస్టారికి చూపించింది. తల్లిదండ్రుల్లో ఒకరు సోమవారం వచ్చి పక్కన సంతకం పెట్టాలని పిల్లలకు చెప్పింది. మంగళవారం తనిఖీకి వస్తున్న ట్రస్టు మనిషి సాయిగణేష్‌కు ఫోన్ చేసి, ‘అన్నిటికీ జవాబు ఒక్క కాగితంలో ఇస్తానండీ’ అని మాట కూడా ఇచ్చేసింది.

సోమవారం వచ్చింది. గింజలు నాలుగు ఉన్నాయి.

మొదటి పీరియడు అయింది. ఎవరూ రాలేదు. ఇంటర్వెల్ అయింది. పాలేటి ఒడ్డు నుంచి రావలసిన వాళ్ళకు ఆలస్యమైందనుకుంది జమీలా. కానీ చర్చి వీధి నుంచి బడికి నడిస్తే ఐదు నిమిషాలు. ఆ వీధి వాళ్ళూ రాలేదు. ఏడో తరగతి పిల్లలకు సగటు చెబుతూ రెండుసార్లు తప్పు భాగించింది. పిల్లలే దిద్దారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తెరేసమ్మ వచ్చింది.

తెరేసమ్మ బళ్ళో వంట చేస్తుంది. దీవెన తల్లి. స్టాఫ్‌రూములోకి ఆమె వచ్చేది టీచర్లకు కూర ఇవ్వడానికే. ఇవాళ ఉత్తచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. గదిలో జమీలా ఒక్కతే ఉంది.

“రండి తెరేసమ్మ గారూ. సంతకాల్లో మీదే బోణీ.”

“పెట్టడానిక్కాదండీ. చూడ్డానికొచ్చాను. ఒకసారి ఇస్తారా మేడమ్ గారూ?”

జమీలా కాగితం ఇచ్చింది. తెరేసమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని తీసుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదువుకుంటూ పోయింది. మూడో వరస దగ్గర వేలు ఆగింది.

సి.హెచ్. నాగలక్ష్మి. దీవెన. చర్చిలో పెట్టిన పేరు.

“ఈ మూడో గడి ఎందుకు గీశారండీ?”

“కారణం చెప్పాలి కదండీ. ఒక్కొక్కరికి రెండేసి పేర్లు ఎందుకున్నాయో రాయకపోతే వాళ్ళు నమ్మరు.”

“నమ్ముతారండీ,” అంది తెరేసమ్మ. “అదే నా భయం.”

జమీలాకు అర్థం కాలేదు. కుర్చీ చూపించింది. తెరేసమ్మ కూర్చోలేదు.

“వంటవాళ్ళ రిజిస్టర్లో నా పేరేంటో ఎప్పుడన్నా చూశారా మీరు?”

“లేదండీ. అది మాస్టారి దగ్గరుంటుంది.”

“పద్మావతమ్మ.”

రెండేళ్ళుగా రోజూ తెరేసమ్మ గారూ అని పిలుస్తున్న మనిషి. జమీలా ఆమె ముఖంలోకి చూసింది.

“అలా పిలిస్తే నేను పలకనండీ. అలవాటు లేదు. బ్యాంకులో పద్మావతమ్మ, పద్మావతమ్మ అని రెండుసార్లు కేకేసి నా వెనకావిడ్ని పిలిచేశారు. ఎవరో పాపం, అంత సేపు కూర్చుని టయానికి లేకుండా పోయిందని నేను కూడా అనుకున్నా.”

జమీలాకు నవ్వొచ్చింది. తెరేసమ్మ కూడా నవ్వింది. నవ్వు ముందు ఆపింది తెరేసమ్మే.

“ఆమోసు అని, మా తోటికోడలి తమ్ముడున్నాడండీ. గవర్నమెంటాఫీసులో అటెండరు. చర్చిలో ఆమోసు, కాగితాల్లో వెంకటరత్నం. పోయినేడు చెల్లెలికి పెళ్ళి చేశాడు. శుభలేఖలో ‘ఆహ్వానించువారు, ఆమోసు’ అని వేయించాడు. మరి చుట్టాలకి వెంకటరత్నమంటే ఎవరికి తెలుస్తుందండీ? గిట్టనోడెవడో ఆ కార్డు జతచేసి పిటిషను పెట్టాడు. వెంకటరత్నమే ఆమోసు, ఆదివారం ఆదివారం చర్చికెళ్తాడు, ఆడికి ఎస్సీ సర్టిఫికెట్టెలా ఇచ్చారని. ఎంక్వయిరీ వేశారు. ఇంటికి పంపించేశారు. ఇంతవరకూ పిలవలేదు.”

ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి వెళ్తే ఆ సర్టిఫికెట్ చెల్లదన్నది చట్టం. వెళ్ళాక కూడా ఉండే వీధి అదే, చేసే పని అదే, ఊళ్ళో వాళ్ళు చూసే చూపూ అదే. సర్టిఫికెట్ ఒక్కటే మారుతుంది. దాంతోపాటు హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం. అందుకని చాలా ఇళ్ళల్లో కాగితానికి ఒక పేరు, పిలుపుకు ఒక పేరు. ఇది జమీలాకు తెలియని సంగతేం కాదు. రెండేళ్ళ నుంచి ఈ ఊరు వచ్చిపోతోంది. ఆ రెండు పేర్లూ పక్కపక్కన పెడితే ఏమవుతుందో తోచలేదు. విజయవాడలో ఇంట్లో జమీలా, బళ్ళో జమీలా, ఆధార్‌లో జమీలా. రెండో పేరు దాచుకోవలసిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు.

“ఒక్క కార్డు ముక్కండీ,” అంది తెరేసమ్మ. “దాంట్లో రెండో పేరు లేదు కూడా. ఆ ఇద్దరూ ఒకడేనని రుజువు చెయ్యడానికి వాళ్ళకి ఎనిమిది నెలలు పట్టింది. మీరు ఒక్క గీత మీద పెట్టేశారు. పదమూడు కొంపలవి. పక్కన మమ్మల్ని సంతకాలు కూడా పెట్టమంటున్నారు.”

జమీలా చేతులు బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇది ట్రస్టు వాళ్ళకు వెళ్తుందండీ. గవర్నమెంటుకు కాదు.”

“వాళ్ళ దగ్గరే ఆగుతుందని మీరు రాసిస్తారా?”

జమీలా ఆ మూడో గడి వైపు చూసింది.

“మా పెద్దది వినీల బెజవాడలో నర్సింగు రెండో ఏడండీ. స్కాలర్‌షిప్పు మీద. దాని కాగితాల్లో తండ్రి పేరు, నాగలక్ష్మి కాగితాల్లో తండ్రి పేరు ఒకటే కదా. ఇది పోతే అదీ పోద్ది.”

“మరి లాప్‌టాప్‌లు? ఈ కాగితం ఇవ్వకపోతే పదమూడూ పట్టుకుపోతారు తెరేసమ్మ గారూ. దీవెన క్లాసులో అందరికంటే ముందుంది. మీ వంట సరుకుల పట్టీ కూడా దాంట్లోనే వేస్తోంది.”

తెరేసమ్మ కాగితాన్ని బల్ల మీద పెట్టింది. వెంటనే చెయ్యి తియ్యలేదు.

“మొన్న నన్ను కూర్చోబెట్టి నా పేరు కొట్టించిందండీ. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ఏ రేషను కార్డులో లేదు, ఓటు కార్డులో లేదు. తెరేసమ్మ అని రాసి ఉన్నది దాంట్లో ఒక్కచోటే.” చెయ్యి తీసింది. “పట్టుకుపోనివ్వండి. పలకలతో చదువుకోలేదా మనం?”

“నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి. రేపటిదాకా టైముంది.”

అప్పుడే జమీలా ఫోను మోగింది. పామర్రు మీటింగు నుంచి పుల్లయ్య మాస్టారు. ఆయన ఫోన్‌లో మాట్లాడితే గది అంతా వినిపిస్తుంది.

“అమ్మా జమీలా, ఆ సాయిగణేష్ రేపు కాదంట, ఇవాళే వచ్చేస్తున్నాడు. గన్నవరంలో దిగి కారెక్కేశాడు. నాకిక్కడ తెమిలేట్టు లేదు. ఆ కాగితం నువ్వే ఇచ్చెయ్.”

“మాస్టారూ, దాంట్లో మూడో గడి మీరు చూశారు కదండీ శుక్రవారం?”

అవతల కాసేపు మీటింగు మైకు వినిపించింది.

“చూశానమ్మా.”

“మరి ఇది రాయకూడదని చెప్పలేదేమండీ?”

“నాకు సర్వీసు ఇంకా ఏడు నెలలుందమ్మా,” అన్నాడాయన. ఫోను పెట్టేశాడు.

తెరేసమ్మ అంతా విన్నది. కాగితం ఇవ్వొద్దని మళ్ళీ అడగలేదు. కొంగు బిగించుకుని గుమ్మం దిగి, వంటపాక వైపు కాకుండా ఎనిమిదో తరగతి గది వైపు వెళ్ళింది. జమీలా కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసి జిప్పు లాగింది.

సాయిగణేష్ మూడు కాకముందే వచ్చాడు. వయసు ముప్పై లోపే ఉంటుంది. భుజానికి సంచి, మెడలో ట్రస్టు కార్డు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

“ఏమనుకోకండి మేడమ్. పోయిన నెల ఇంకో జిల్లాలో పదిహేడు లాప్‌టాప్‌లు సెల్‌ఫోన్ల షాపులో దొరికాయి. ఆ బళ్ళో కూడా ముందు మంచినీళ్ళే ఇచ్చారు.”

నవ్వుతూనే అన్నాడు. జమీలా గ్లాసు వెనక్కి తీసుకుంది.

“ఏదో కాగితం ఉందన్నారు ఫోన్లో.”

“ముందు పిల్లల్ని చూడండి,” అంది. అలా ఎందుకు అన్నదో తనకే తెలియదు. ఒక పీరియడు సమయం దొరుకుతుందనుకుంది. ఆ సమయంతో ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

ఎనిమిదో తరగతిలో అందరూ లేచి గుడాఫ్టర్నూన్ చెప్పి కూర్చున్నారు. మామూలుగా కూర్చున్నాక కూడా ఓ నిమిషం గోల ఉంటుంది. ఇవాళ లేదు. సాయిగణేష్ సంచిలోంచి తన జాబితా తీశాడు.

“పేరు పిలుస్తాను. మీ పేరైతే లేచి నిలబడండి. భయపడాల్సిందేం లేదు. దీవెన.”

ఎవరూ లేవలేదు. రెండో బెంచీ చివర దీవెన చెక్క మీద చెక్కిన గీతల్ని చూస్తోంది.

“దీవెన ఎవరమ్మా?”

ఫ్యాను తిరుగుతోంది.

“జాన్ పాల్.”

ఎవరూ లేవలేదు.

“యేసుకుమార్.”

చివరి బెంచీలో ఒకడు సగం లేచాడు. పక్కవాడు చొక్కా పట్టి లాగాడు.

“ఏమైంది బాబూ?”

“పెన్ను పడిందండీ,” అన్నాడు యేసుకుమార్. కూర్చున్నాడు.

పదమూడు పేర్లూ పిలవడం అయింది. సాయిగణేష్ ఒక్కొక్క దాని పక్కన సున్నా చుట్టాడు. తర్వాత బల్ల మీది హాజరు పట్టీ తీసుకున్నాడు.

“ఇప్పుడు దీంట్లో పేర్లు. పిలవగానే మీ లాప్‌టాప్ తీసి బెంచీ మీద పెట్టండి.”

ఆకుపచ్చ మూతలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. మధ్యలో “సి.హెచ్. నాగలక్ష్మి,” అన్నాడు.

“ప్రెజెంట్ సార్.” దీవెన లేచింది.

“నీ లాప్‌టాప్ ఏదమ్మా?”

“నాకు ఇవ్వలేదండీ.”

జమీలా పిల్ల సంచీ వైపు చూసింది. పొద్దున ఇంటర్వెల్లో ఎత్తుగా ఉన్న సంచీ ఇప్పుడు బెంచీ కింద అణిగిపోయి ఉంది. దాని పక్కదీ అంతే. కిటికీలోంచి వంటపాక కనబడుతోంది. ఈ వేళకు తెరేసమ్మ బోరింగు దగ్గర గిన్నెలు తోముతూ ఉండాలి. తోమాల్సిన గిన్నెలు కుప్పగా పడి ఉన్నాయి, కాకులు మెతుకులు ఏరుతున్నాయి. తెరేసమ్మ పాకలో బియ్యం పోసుకునే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ మూత మీద ఉన్నాయి.

పదమూడూ ఎక్కడున్నాయో జమీలాకు అర్థమైంది.

“నాకు ఇవ్వలేదండీ,” అన్నాడు జాన్ పాల్, హాజరు పట్టీలోని పేరుకు లేచి నిలబడి. “నాకు ఇవ్వలేదండీ,” అన్నాడు యేసుకుమార్. పదమూడు మందీ ఒకే మాట అన్నారు, పద్యం అప్పజెప్పినట్టు. చెప్పి కూర్చున్నవాళ్ళ ముఖాల్లో పని అయిపోయిన తేలిక కనిపించింది. ఇవ్వలేదంటే ఇవ్వనిదెవరు అన్న ప్రశ్న వస్తుందని ఆ పిల్లలకు తెలియదు. నేర్పిన తెరేసమ్మకూ తోచి ఉండదు. శుక్రవారం మూడో గడి గీసినప్పుడు తనకూ తోచలేదు.

సాయిగణేష్ హాజరు పట్టీ మూసేసి ఫోను తీశాడు. దాంట్లో ఏదో నొక్కి చాలాసేపు చూశాడు.

“మేడమ్, మీ పెట్టె పరిధిలో ఉన్న లాప్‌టాప్‌లు ఎన్నో ఇది చూపిస్తుంది. ఇరవై ఎనిమిది ఉండాలి. నలభై ఒకటీ ఉన్నాయి.” ఫోను ఆమె వైపు తిప్పాడు. “పిల్లలకు ఇవ్వలేదంటున్నారు. బయటికీ పోలేదు. ఈ కాంపౌండు లోపలే ఉన్నాయి. అందుకున్నట్టు సంతకం మీదే. చెప్పండి. లేకపోతే నేను గదిగదీ వెతుక్కోవాలి. వెతుక్కుంటే మటుకు ఒక్కొక్కటీ తెరిచి చూస్తాను, ఎవరు వాడుతున్నారో.”

తెరిస్తే ముందు పిల్ల పేరు కనిపిస్తుంది. దీవెన దాంట్లో అయితే తెరేసమ్మ పేరు కూడా.

“పోనీ ఆ కాగితం ఇవ్వండి. నాకు ఇక్కడ గొడవ పెట్టుకోవాలని లేదు మేడమ్. సమాధానం బాగుంటే ఇప్పుడే ఫోను చేసి పదమూడింటికీ ఇరవై ఒకటి వేయిస్తాను.”

జమీలా బ్యాగు జిప్పు తీసింది. నాలుగు మడతల కాగితం వేళ్ళకు తగిలింది. ఇది ఇస్తే తను నిర్దోషి. లాప్‌టాప్‌లు పిల్లల దగ్గరే ఉంటాయి. అబద్ధం ఒక్కటీ లేదు ఇందులో. ఆమె జీవితంలో రాసిన కాగితాల్లో దీనంత సరైనది ఇంకొకటి ఉండదు. వేళ్ళు కాగితాన్ని పక్కకు జరిపి రుమాలు తీశాయి.

“కాగితం లేదండీ,” అంది.

“ఉందని మీరే అన్నారు.”

“తొందరపడి అన్నాను. ఆ పదమూడూ నేనే ఉంచాను. పిల్లలకు ఇవ్వలేదు. పేర్లు కూడా నేనే కొట్టాను.”

సాయిగణేష్ నమ్మినట్టు లేదు. జాబితా మళ్ళీ తీసి పైనుంచి కిందికి చదువుకున్నాడు.

“ఊరికే నోటికొచ్చిన పేర్లు కొట్టారా?”

“అవునండీ.”

“జమీలా గారూ,” అన్నాడు నెమ్మదిగా. “మీ నోటికి పదమూడూ చర్చి పేర్లే వచ్చాయా?”

జమీలా గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోటును చూస్తూ నిలబడింది. సాయిగణేష్ సంచిలోంచి ఒక ఫారం తీసి హాజరు పట్టీ మీద పెట్టాడు.

“అయితే అదే రాసివ్వండి. ఇది నేను డీఈఓ గారికి కూడా పంపాలి. పూర్తి పేరు, హోదా, సంతకం. పేరు మాత్రం సర్వీసు రిజిస్టర్లో ఎలా ఉందో అలాగే రాయండి మేడమ్. తేడా వస్తే మళ్ళీ ఇబ్బంది.”

కలం తనదే ఇచ్చాడు. జమీలా వంగింది. పేరు దగ్గర ఆలోచించాల్సిన పని లేదు. ఆమెకు ఉన్నది ఒకటే పేరు. మొదటి అక్షరం రాసింది.

రెండో బెంచీ కిర్రుమంది.

“సార్,” అంది ఒక ఆడపిల్ల గొంతు. “ఇందాక మొదట పిలిచింది నన్నేనండీ.”